స్నో డే ఎవరు చెప్పాలి

జనవరి 14

ఆగస్టు నుంచి ఓట్లీ, హేవెన్ ఫోర్క్ అనే రెండు చిన్న అమెరికన్ ఊళ్ళ స్కూల్ డిస్ట్రిక్ట్‌లకీ నేనే సూపరింటెండెంట్‌ని. విడిగా ఒకరిని పెట్టుకునే స్తోమత ఏ ఊరికీ లేదు. జీతం చెరిసగం ఇస్తారు, తిట్లు మాత్రం ఎవరికి వారు పూర్తిగా ఇస్తారు. రేపు ఐస్ పడి రోడ్లు జారతాయట. రేపు సాయంత్రమే హేవెన్ ఫోర్క్‌లో బాస్కెట్‌బాల్ గేమ్, అదీ ఓట్లీ మీద. స్కూల్ మూస్తే గేమ్ ఉండదు. ఇక్కడ రూల్ అది.

జనవరి 15, ఉదయం 5

చీకటితోనే రోడ్లు చూడటానికి బయల్దేరాను. చూసి స్కూల్ తెరవాలో, స్నో డే అని మూయాలో చెప్పాల్సింది నేనే. ఓట్లీలో పర్వాలేదు. హేవెన్ ఫోర్క్‌లో వాగు వంతెన మీద నా కార్ జారి అడ్డం తిరిగింది. పిల్లల బస్సు వెళ్ళేది ఆ వంతెన మీదే. హేవెన్ ఫోర్క్ మూసేశాను.

అదే రోజు, సాయంత్రం

హేవెన్ ఫోర్క్ స్కూల్ బోర్డ్ ప్రెసిడెంట్ గ్లెన్ ఫోన్. ఓట్లీ తెరిచి తమది ఎలా మూశానన్నాడు. నా ఇల్లు ఓట్లీలో ఉంది కాబట్టి, ఓట్లీ ఓడిపోకుండా గేమ్ కావాలనే ఆపానట! గేమ్ కోసం పిల్లల్ని వాగులో తోయమంటాడా? రెండు ఊళ్ళూ నన్ను పంచుకునే షేరింగ్ అగ్రిమెంట్ మీద వచ్చే వారం వోట్ పెడతాడట. అది పోతే ఓట్లీ ఒక్కటే నా జీతం భరించలేదు. ఉద్యోగం పోయినట్టే.

ఒక్క సారీ చెప్పేస్తే నీ సొమ్మేం పోయిందన్నాడు మా ఆయన ఫణి.

జనవరి 16

చెప్పను.

జనవరి 21

మీటింగ్. హేవెన్ ఫోర్క్ స్కూల్ జిమ్ నిండా జనం. ఇకమీదట గ్లెన్‌ని అడిగాకే స్కూల్ మూయాలని, ఒప్పుకుంటే అగ్రిమెంట్ ఉంచుతామని బోర్డ్ వాళ్ళు అన్నారు. అడుగుతాను గానీ ఫోన్‌లో కాదన్నాను. ఐస్ పడ్డ రోజు తెల్లవారకముందే ఆయన ఇంటి ముందు హారన్ కొడతాను, నా కార్ ఎక్కి రోడ్డు చూశాకే చెప్పమన్నాను. వెనక వరసలో బస్ డ్రైవర్ ఒకావిడ చప్పట్లు కొట్టింది. ఫణి తల పట్టుకున్నాడు. గ్లెన్ ముఖం కందగడ్డలా చేసుకున్నాడు గానీ, అంతమంది ముందు రానని ఎలా అంటాడు? సరేనన్నాడు. అగ్రిమెంట్ నిలిచింది.

ఫిబ్రవరి 6

ఐస్. హారన్ కొట్టాను. మొదటి మలుపులోనే గ్లెన్ డాష్‌బోర్డ్ పట్టుకుని రెండు ఊళ్ళలోనూ స్కూళ్ళు మూసేయమన్నాడు.

ఓట్లీ సంగతి చెప్పడానికి మీరెవరన్నాను.