ఫైలు తీయండి

మంగళవారం, నారాయణఖేడ్

ఇంగ్లీషు అంతగా రానివాళ్లకు ప్రోగ్రామింగ్ తెలుగులో చెప్పడం నిజంగా మేలేనా, లేక అది నా మొండిపట్టేనా? ఏళ్లుగా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను.

సాయంత్రం సిర్గాపూర్ నుంచి షబానా ఫోన్ చేసింది. నేను నెట్‌లో పెట్టిన తెలుగు పాఠాలు చదివి నేర్చుకుంటున్న అమ్మాయి. రేపు హైదరాబాదులో ఉద్యోగం కోసం చూపించాల్సిన ప్రోగ్రాం ఆమె పెన్‌డ్రైవ్‌లో లేదు.

"మీరే రాసిండ్రు గదా మేడం, మార్పులు చేసే ముందు ఫైలు తీయండి అని. తీసేసిన."

తలుపు తీసినట్టు తెరవమని నా ఉద్దేశం. ఆమె తుడిచేసింది.

"ఏడుస్తున్నవా ఏంది?"

"లే మేడం. నాకే దిమాఖ్ లేదు. ఇగ కూసోని మల్ల రాస్త."

తప్పు నాదేనన్నాను. "మీరు తప్పెట్ల రాస్తరు?" అని నవ్వింది. ఆ నమ్మకమే నన్ను భయపెట్టింది.

పాఠంలో 'తీయండి' అన్న మాటను 'ఓపెన్ చేయండి' అని మార్చాను. షబానా ఫోన్ చేసింది కాబట్టి తెలిసింది. తమకే తెలివి లేదనుకుని చడీచప్పుడు లేకుండా మానేసినవాళ్లు ఎందరో! నేను రాసిన ఇంకే మాట ఎవరి కష్టాన్ని తుడిచేస్తుందో!

పాఠాలన్నీ ఆపేస్తే సగంలో ఉన్నవాళ్లు ఆగిపోతారు. ఉంచితే ఈ భయం. ఏది చేయాలో తేల్చుకోలేకపోతున్నాను.