సిగిరియా కింద సామాన్ల దగ్గర

నాగరత్నా,

నువ్వు పోయి ఈ రోజుకు మూడేళ్లు. నీ ఫోటోకు దండ వేసి, దాని ముందే కూర్చుని అందరూ శ్రీలంక ప్రయాణం గురించి మాట్లాడుకున్నారు.

మొత్తం నాలుగు రోజులు. ఆ దేశం గురించి ఆదోనిలో నాకన్నా చదివినవాడు లేడు కాబట్టి ప్లాను నేనే రాసిచ్చాను. ఏడు ఊళ్లు పెట్టాను. నువ్వు ఏరి తెచ్చిన ఎమ్మిగనూరు కోడలు చదివి నవ్వింది.

"మామా, ఇది ప్లాను గాదు, పుస్తకం. పిల్లోల్లు యాడ తినల్ల, ఎప్పుడు పండుకోవల్ల?"

ఐదు ఊళ్లు కొట్టేసింది. నలభై ఏళ్లుగా నేను బొమ్మల్లో చూస్తున్న సిగిరియా కొండ మిగిలిన రెండింటిలో ఉంది. దాని పక్కనే 'మామ కింద, సామాన్ల దగ్గర' అని రాసింది. నా మోకాళ్లు ఎక్కలేవట.

నేను అరిచాను. నీ కొడుకు ఫోన్లోంచి తలెత్తకుండానే అన్నాడు.

"ఎవరో ఒకరు కూసోవల్ల గదా నాయనా. హంపిలో అమ్మ కూసోలేదా?"

ఆ హంపి ప్లాను కూడా నాదే. చూసినవన్నీ సాయంత్రం నీకు వర్ణించి చెప్పాను. "ఇంట్లోనే సెప్పింటే ఈడిదాకా వచ్చే పని లేకపాయె గదా" అన్నావు. నీకు అభిరుచి లేదని నలుగురిలో ఎగతాళి చేశాను.

ఇప్పుడు రానని అనలేను. టికెట్లు తీసేశారు, నా పాస్‌పోర్టు కోడలి బీరువాలో ఉంది. కింద కూర్చుంటానని ఒప్పుకున్నాను.

హంపిలో నువ్వు కూర్చున్న చోట నీడ ఉందో లేదో నేను చూడలేదు.