కావ్య జపమాల, రెబెకా వదిన మోకాలు

మార్కాపురం

రోజీ వదినకు ప్రభువు నామంలో వందనాలు.

ఫోన్‌లో అయితే నా గొంతు లేస్తుంది, అందుకే ఉత్తరం. మీ కావ్య మా శ్యాంసన్‌కు నచ్చింది, మాకూ నచ్చింది. మీరు ఆర్.సి.ఎం. కేథలిక్కులు, మేము ప్రొటెస్టెంట్లం, అదొక్కటే అడ్డం. యేసు ఉండగా మరియమ్మను అడగడం ఏంది వదినా? ఆయనకు వినపడదా? కావ్య ఆ మరియమ్మ జపమాలను గిద్దలూరులోనే వదిలి వస్తానంటే పెళ్లి మాటలకు కూర్చుందాం. లేకుంటే ఇంతటితో సరి.

మీ రెబెకా

తా.క. నా కుడి మోకాలు మెట్టు ఎక్కనీయడం లేదు. మీరు భక్తిపరులు, కాస్త ప్రార్థన చెయ్యండి.

గిద్దలూరు

రెబెకా వదినకు, దేవుడు మీ ఇంటిల్లిపాదినీ చల్లగా చూడాలి.

ఆ జపమాల వాళ్ల అవ్వది. కావ్య వదలదు, నేను వదలమనను. కోపం చేసుకోవద్దు. ఆరాధన దేవునికే వదినా. మరియమాతను మాకోసం వేడుకోమంటాము, అంతే. కానా ఊరి పెళ్లిలో ద్రాక్షరసం అయిపోయిందని యేసుతో చెప్పింది ఆ అమ్మే గదా. మీ శ్యాంసన్ కూడా ఈ పెళ్లి సంగతి ముందు మీకే చెప్పినాడంట, మీరు అన్నయ్యతో చెప్పినారంట.

మీ రోజీ

తా.క. మోకాలికి ప్రార్థన మొదలుపెట్టినాను. నేరుగా యేసును అడగకుండా నన్నెందుకు అడిగినారని నేను అనలేదు.

మార్కాపురం

రోజీ వదినకు వందనాలు.

మీ ఉత్తరం మా ఆయన వరప్రసాదం చదివినాడు. కన్నకొడుకు చెప్పుకోలేనంత కోపిష్టినా నేను అని పలకల ఫ్యాక్టరీలో కనిపించిన వాళ్లందరినీ అడుగుతున్నాడు. అందరూ అవునన్నారంట. ఇది మీరు పెట్టిన చిచ్చు. సరే, మీ చర్చిలో ఆ విగ్రహాల సంగతేంది? బొమ్మకు మొక్కడం తప్పు కాదా?

రెబెకా

తా.క. మోకాలు కొంచెం నయం. నూనె వల్ల అంటాడు మా ఆయన. మీరు ఆపొద్దు.

గిద్దలూరు

రెబెకా వదినకు నమస్కారాలు.

అన్నయ్యను మన్నించమనండి. మీ మాటైతే ఆయన కాదనడని కొడుకు మీకు చెప్పినాడనే నేను రాసింది. మేము మీ ఇంటికి వచ్చిన రోజు, గోడ మీది మీ నాయన ఫోటోను మీరు కొంగుతో తుడిచి ముద్దు పెట్టుకున్నారు. అద్దానికి మొక్కినారని నేను అనుకోలేదు, నాకూ కళ్లనీళ్లు తిరిగినాయి. మాకూ విగ్రహం అట్లనే. జపమాల లేకుండా మాత్రం కావ్య రాదు. మీకు ఇష్టం లేకుంటే బాధపడి ఊరుకుంటాము.

మీ రోజీ

తా.క. సంబంధం కుదరకపోయినా మోకాలికి ప్రార్థన ఆపను.

మార్కాపురం

రోజీ వదినకు నిండు వందనాలు.

మీ ఉత్తరం చదివి మా ఆయన, అయితే మనదీ విగ్రహమే అని మా నాయన ఫోటో దించి పలకల కట్టల వెనక పెట్టినాడు. నాకు అన్నం సయించలేదు. తెల్లారి నేనే తీసుకొచ్చినాను. మేకు కొట్టింది ఆయనే.

మీరు చెప్పిందంతా నేను ఒప్పుకున్నానని కాదు. కానీ కుదరకపోయినా ప్రార్థన ఆపనన్నారు చూడండి, ఆ మాట మా ఆయనకు రెండుసార్లు చదివి వినిపించినాను. శనివారం మాటలకు రండి.

మీ రెబెకా వదిన

తా.క. కుడి మోకాలు మెట్లెక్కుతోంది. మీ అమ్మ ఏం ప్రార్థన చేసిందని కావ్యను ఫోన్‌లో అడిగితే, రోజూ సాయంత్రం జపమాలే అత్తా అనింది. ఆ పిల్లను జపమాల మరిచిపోకుండా తెచ్చుకోమనండి. ఎడమ మోకాలు ఇంకా ఉంది.