బటన్లు లేని ప్లేయర్

బావగారికి,

ఈ ఉత్తరం అక్కకి చదివి వినిపించకండి. మీరొక్కరే చదువుకోండి.

అక్క పాటలు వింటుందని పోయిన నెల నేనిచ్చిన చిన్న ప్లేయర్ సంగతి. అలాంటిది కొనడం నాకదే మొదలు. షాపతను "బటన్లుండవు సార్, అంతా తెర మీదే" అంటే, ఆ రంగులు చూసి మురిసిపోయి తెచ్చేశాను. అక్క దాన్ని అటూ ఇటూ తడిమి, "ఎంత నున్నగా ఉందిరా!" అంది. మెచ్చుకుందనుకున్నాను. రోజూ ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చుంటోందని మొన్న మీరు ఫోన్లో చెప్పాకే వెలిగింది. నా బుద్ధి గడ్డి తింది. చూపు పోయిన మనిషికి నున్నటి అద్దం మీద పాట ఎక్కడ దొరుకుతుంది?

ముప్పయ్యేళ్లుగా దర్జీని. కళ్లు మూసుకుని గుడ్డ రకం చెప్పగలనని గొప్పలు పోతాను. ఆ రోజు షాపులో ఒక్కసారి కళ్లు మూసుకుని చూడాలనిపించలేదు.

నిన్న మళ్లీ వెళ్లి, కళ్లు మూసుకునే ఎంచాను. ఈ ఉత్తరంతో పంపుతున్న ప్లేయర్‌కి ఐదు బటన్లున్నాయి. పాట మొదలయ్యే బటన్ మీద చిన్న దారపు ముడి అతికించాను. పాతది పాడైందని చెప్పి ఇది ఆమె చేతిలో పెట్టండి.

అక్క నమ్మదు. కానీ నున్నగా ఉందన్న ఆ రోజులాగే, నా మనసు నొచ్చుకోకూడదని నమ్మినట్టే ఉంటుంది.

మీ బావమరిది