అంతా నీ ఇష్టం

జూన్ 12

సీటు వచ్చింది.

ఎక్స్‌రే గదిలో పేషెంట్లు బట్టలు మార్చుకునే కర్టెన్ వెనక నిలబడి ఫోన్‌లో చూసుకున్నాను. బయట కాలు విరిగిన మనిషి టేబుల్ మీద పడుకుని ఉన్నాడు. గట్టిగా అరవడానికి కూడా లేదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఒక్క ఎగురు ఎగిరి, బయటికొచ్చి, ఊపిరి బిగబట్టండి అని చెప్పాను. కాలికి తీసే ఎక్స్‌రేకి ఊపిరి దేనికమ్మా అన్నాడు.

ఇరవై ఎనిమిదేళ్ళ వయసులో, నాలుగేళ్ళ కూతుర్ని పక్కలో వేసుకుని చదివి, మూడోసారి రాస్తే వచ్చింది. మెడిసిన్. నేను. ఆ రెండు మాటలూ పక్కపక్కన రాసి చూసుకుంటున్నాను.

జూన్ 13

ఫీజు చూశాక నిన్నటి మత్తు దిగిపోయింది. కాలేజీ మేముండే ఊళ్ళోనే. బస్సెక్కితే సాయంత్రానికి ఇంట్లో ఉండొచ్చు. కానీ ప్రైవేటు. మాకు ఇప్పటికే పీకల దాకా అప్పు. మా ఆయన ఐస్ ప్లాంటు పెట్టాడు, ఏడాది తిరక్కుండా మూతపడింది. ఐసంతా కరిగింది గానీ అప్పు మాత్రం గడ్డకట్టే ఉంది అంటుంది అత్తయ్య. ఇప్పుడు తను ఇంటింటికీ తిరిగి ఏసీలు రిపేరు చేస్తున్నాడు. నా జీతం వడ్డీకి, తన సంపాదన ఇంటికి.

రాత్రి ఆ ఫీజు కాగితం తన ముందు పెట్టాను. చాలాసేపు చూశాడు. నీ ఇష్టం అన్నాడు. స్క్రూడ్రైవర్లు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

జూన్ 17

విదేశాల్లో సీట్లు ఇప్పించే ఏజెంటు దగ్గరికి వెళ్ళాను. అక్కడ ఆరేళ్ళ చదువుకి ఇక్కడి ఖర్చులో సగం కూడా కాదట. అదీ అప్పే, కాకపోతే చిన్న అప్పు. ఆఫీసు గోడ నిండా మంచులో తెల్లకోట్లు వేసుకుని నవ్వుతున్న పిల్లల ఫొటోలు. క్లాసులు ఇంగ్లీషులోనే. పేషెంట్లు మాత్రం వాళ్ళ భాషలోనే మూలుగుతారు కాబట్టి అది నేర్చుకోవాలి. తిరిగొచ్చాక ఇక్కడ ఒక పరీక్ష పాసైతేనే డాక్టరు. ఎంతమంది పాసవుతున్నారండీ అని అడిగాను. టీ తెప్పించాడు. మళ్ళీ అడిగాను. చక్కెర సరిపోయిందా మేడమ్ అన్నాడు.

పాపని తీసుకెళ్ళొచ్చా అంటే, హాస్టల్లో కుదరదు మేడమ్, వీడియో కాల్స్ ఉన్నాయి కదా అన్నాడు. వీడియో కాల్‌లో నుదుటి మీద చెయ్యేసి జ్వరం చూడటం ఎలాగో కూడా చెప్పి ఉంటే బావుండేది.

జూన్ 18

అమ్మ ఫోన్ చేసింది. పసిదాన్ని వదిలేసి దేశాలు పట్టి పోతావా, నా కడుపున ఎలా పుట్టావే అంది. కాసేపు ఏడ్చింది. చివర్లో, సరే, నీ ఇష్టం అంది.

జూన్ 21

ఇవాళ ఒక పెద్దాయనకి ఛాతీ ఎక్స్‌రే తీశాను. చొక్కా గుండీలు పెట్టుకుంటూ, ఏముందమ్మా అని అడిగాడు. డాక్టరుగారు చెప్తారండీ అన్నాను. నీకు తెలుసులే, నీ మొహంలో కనిపిస్తోంది అన్నాడు.

నిజానికి నాకు తెలియదు. కుడివైపు కింద ఏదో తెల్లగా ఉంది. అదేమిటో తెలియదు. ఇన్నేళ్ళుగా గుమ్మంలో నిలబడి లోపలికి తొంగిచూస్తున్నట్టుంది నా బతుకు. ఒళ్ళు మండుతుంది.

రేడియాలజిస్టుకి సీటు సంగతి చెప్పాను. నిజంగానే సంతోషించారు. ఆ తర్వాత, ప్రాక్టీసు మొదలుపెట్టేసరికి నలభైకి దగ్గరపడతావు, సంసారం కూడా ఉంది, ఆలోచించుకో అన్నారు. ఇదే ఆస్పత్రిలో మగ డాక్టర్లు పెళ్ళాం పిల్లలతో పీజీలు చదివారు, వాళ్ళకి సంసారాలు లేవా సార్ అని నోటిదాకా వచ్చింది. తలూపి వచ్చేశాను. వెనక నుంచి, అయినా నీ ఇష్టం అనుకో అన్నారు.

ఈ మాట ఎవరు కనిపెట్టారో గానీ. చేతిలో పెట్టినట్టే పెట్టి చెయ్యి కడిగేసుకుంటారు.

జూన్ 25

తేల్చేసుకున్నాను. ఇక్కడే చదువుతాను. అప్పు ఎంతయినా కానీ, పిల్ల నా పక్కలో పడుకుంటుంది.

బ్యాంకుకి వెళ్ళాను. మేనేజరు అన్నీ తిరగేసి, పాత అప్పు నెత్తిన ఉండగా ఊరికే ఇవ్వరమ్మా, ఏదైనా ఇల్లు తాకట్టు పెట్టాలి అన్నాడు. మేముండే ఫ్లాటు అత్తయ్యది. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా ఊళ్ళో వాళ్ళందరి గొంతులూ కలిపి, తన జీతంతో కొనుక్కుంది. కన్నకొడుకు ఐస్ ప్లాంటుకి అడిగితేనే ఇవ్వలేదు.

భయపడుతూనే అడిగాను. పూర్తిగా విని, ఈ కాలేజీకైతే నేను సంతకం పెట్టనమ్మాయ్ అంది. టీవీ సౌండ్ పెంచింది.

జూన్ 26

విదేశానికైతే పెడుతుందట!

పొద్దున్నే, చెప్పులు వేసుకుంటుంటే వెనక నుంచి చల్లగా చెప్పింది. బాక్సు బల్ల మీదే వదిలేసి వెళ్ళిపోయాను. అంటే ఏమిటి? నేను ఇంట్లోంచి పోతే చాలా? ఇన్నాళ్ళూ ఆవిడ మోకాళ్ళకి కాపడం పెట్టింది ఎవరు? రోజంతా ఎక్స్‌రేలు తీస్తూ ఆవిడతో మనసులో పోట్లాడుతూనే ఉన్నాను. అన్నిట్లో నేనే గెలిచాను. ఇంటికొచ్చాక ఒక్క మాట రాలేదు.

జూన్ 27

ఇంట్లో మాటల్లేవు. పిడుగు ఒక్కతే ఆ గదికీ ఈ గదికీ తిరుగుతోంది. మా అమ్మాయికి అసలు పేరు వేరే ఉంది, ఎవరికీ గుర్తు లేదు. నానమ్మ భోజనం చేశావా అని అడగమంది అని వస్తుంది. ఆకలి లేదని చెప్పు అంటాను. వెళ్ళి, అమ్మకి ఆకలేస్తోందట అని చెప్తుంది.

జూలై 2

అడిగేశాను. ఆవిడ మంచం మీద కూర్చుని బట్టలు మడతపెడుతోంది. నేనంటే మీకెందుకంత కోపం అత్తయ్యా అన్నాను. కోపమేంటి అంది. దుప్పటి రెండో కొస నా చేతికిచ్చింది.

ఇక్కడుంటే నువ్వు చదవలేవమ్మాయ్ అంది. మేం చదవనివ్వం. అసలు నేనే చదవనివ్వను. మోకాలు నొప్పెడితే నిన్నే పిలుస్తాను. నువ్వు ఎదురుగా ఉంటే పిలవకుండా ఉండటం నా వల్ల కాదు. వాడికి తన వస్తువు ఏదెక్కడుందో తెలియదు. పిల్ల నీ కొంగు వదలదు. ఒక ఏడు తప్పుతావు, ఇంకో ఏడు తప్పుతావు, ఫీజు పెరుగుతుంది, ఫ్లాటూ పోతుంది, చదువూ పోతుంది. ఇంట్లో ఉన్న ఆడదానికి చదువు కూడా ఒక పనేనని ఎవరికీ తోచదు.

ఎక్స్ఛేంజిలో ఉండగా సాయంకాలం కాలేజీలో మూడుసార్లు చేరిందట. ఒకసారి వాళ్ళత్తగారికి పక్షవాతం. ఒకసారి మా ఆయనకి టైఫాయిడ్. ఇంకోసారి ఊరికే, ఇంటికి చుట్టాలొచ్చారు. చుట్టాల కోసం పరీక్ష మానేశాను చూడు, అదొక్కటే ఇప్పటికీ మింగుడు పడదు అంది.

మరి పిల్ల అన్నాను. నేను చూస్తాను. నీలాగా చూడలేను. అది ఏడుస్తుంది, నువ్వూ ఏడుస్తావు, అబద్ధం చెప్పను అంది.

అప్పుడే అవతలి గదిలోంచి మా ఆయన, నా నీలం చొక్కా ఎక్కడుంది అని కేకేశాడు. ఇద్దరం ఒకేసారి, తలుపు వెనక అన్నాం. నాకు నవ్వొచ్చింది. నవ్వినందుకు నా మీద నాకే కోపమొచ్చింది. ఆవిడ చెప్పింది అబద్ధమైతే హాయిగా పోట్లాడేదాన్ని.

జూలై 5

మా ఆయనతో పెద్ద గొడవ. నువ్వేమంటావు అని అడిగాను. నీ ఇష్టం అన్నాడు. ఇంకొక్కసారి ఆ మాట అన్నావంటే నీ టూల్‌బాక్స్ కిటికీలోంచి విసిరేస్తానన్నాను. మూడో అంతస్తు మాది.

టూల్‌బాక్స్ మూత వేశాడు. తర్వాత, అయితే వెళ్ళొద్దు అన్నాడు.

సీటు వచ్చినప్పటి నుంచి ఈ ఇంట్లో తన నోట విన్న మొదటి సొంత మాట ఇది. వెళ్ళొద్దు. నువ్వు లేకుండా నాకు చేతకాదు. నేను చేసిన అప్పు లేకపోతే నువ్వు ఇక్కడే చదివేదానివి, నా వల్లే పోతున్నావు, ఆరేళ్ళ తర్వాత నన్నెందుకు చూస్తావు అన్నాడు. తలెత్తకుండా అన్నాడు. నాకు జాలేసింది, చిరాకేసింది. ఇంత మాట లోపల పెట్టుకుని ఇన్నాళ్ళూ స్క్రూడ్రైవర్లు తుడుస్తావా?

అప్పు లేకపోయినా అత్తయ్య చెప్పింది నిజమే అన్నాను. వెళ్తాను అన్నాను. అన్నాకే తెలిసింది, నిర్ణయం అయిపోయిందని.

జూలై 8

మా ఆయన నాకు చెప్పకుండా ఏజెంటు దగ్గరికి వెళ్ళొచ్చాడు. టీ తాగనని, ఎంతమంది పాసవుతున్నారో చెప్తేనే లేస్తానని అక్కడే కూర్చున్నాడట. చివరికి అక్కడ చదివి వచ్చిన ఒక డాక్టరమ్మ నంబరు సంపాదించాడు. ఆవిడతో మాట్లాడాను. సగం మంది కూడా పాసవ్వరు అంది. భాష మొదటి నెల నుంచే పట్టుకో, వార్డులో మూగదానిలా నిలబడకు, అలా నిలబడ్డవాళ్ళే తప్పుతారు అంది.

ఫోన్ పెట్టేశాక మా ఆయన, ఇంకా వెళ్తావా అని అడిగాడు. వెళ్తానన్నాను. సరే, సూట్‌కేసు చక్రం ఊడింది, బిగిస్తాను అన్నాడు.

జూలై 15

అత్తయ్య సంతకం పెట్టింది. పాత అప్పు వడ్డీ ఇక తన పింఛనులోంచి కడుతుందట. పెన్ను మూత పెడుతూ, మేనేజరు గారూ, ఫ్యాన్ కొంచెం పెంచండి అంది, అంతే. బయటికొచ్చాక నా మోచెయ్యి పట్టుకుని మెట్లు దిగింది.

జూలై 16

పిడుగుకి చెప్పాను. నేనేమైనా అల్లరి చేశానా అమ్మా అంది.

సెప్టెంబరు 9

హాస్టల్. రూమ్మేట్లకి పందొమ్మిదేళ్ళు. మొదటి రోజు ఆంటీ అన్నారు, నేను చూసిన చూపుకి అక్కా అన్నారు. క్లాసులో అందరికంటే ముందు బెంచీ నాదే. అందరికంటే వెనకబడిందీ నేనే. వీళ్ళ భాషలో నొప్పి అనే మాట వచ్చింది, ఎక్కడ అనే మాట వచ్చింది, ఎప్పట్నుంచి అనేదానికి ఎంతకీ నోరు తిరగడం లేదు.

ఇంటికి ఫోన్ చేస్తే పిడుగు రాదు. బల్ల కింద దూరుతుంది. ఫోన్ అటు తిప్పితే ఒక్క పాదం కనిపిస్తుంది. ఇవాళ ఆ పాదంతోనే కాసేపు మాట్లాడాను. కబుర్లన్నీ చెప్పాను. బొటనవేలు కదిలింది.

మళ్ళీ చేద్దామంటే రూమ్మేటు నిద్రపోతోంది. కోపం ఎవరి మీద చూపించాలో కూడా ఇక్కడ తెలియదు.

నవంబరు 3

పిడుగు జారుడుబల్ల మీంచి పడింది. ముంజేతి ఎముకకి చిన్న పగులు, కట్టు కట్టారు, కంగారు పడకు అని మా ఆయన ఎక్స్‌రే పంపాడు. నేను పనిచేసిన గదిలోనే తీశారు.

పెద్దది చేసి చూశాను. ఇంత సన్నటి ఎముకలు. వాటి పక్కన ఇంకెవరివో పెద్ద వేళ్ళు కూడా పడ్డాయి, పిల్ల కదలకుండా గట్టిగా పట్టుకుని. ఒక వేలికి ఉంగరం.

ఆ గదిలో నేనుంటే, ముందు ఆ ఉంగరం తియ్యమని కసిరేదాన్ని.