వెనక్కి తిప్పిన తోడేలు

చిట్టితల్లి మేవిస్‌కి నాన్న దీవెనలు.

ఇక్కడ నేనూ, గొర్రెలూ, ఎదురింటి వాల్టర్ నోరూ క్షేమం. అక్కడ గ్లాస్గోలో నువ్వూ, ఇయానూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఈస్టర్ నుంచి వాన పడుతూనే ఉంది, అది మన ఊళ్ళో కబురు కింద లెక్క కాదు.

నువ్వడిగిన వాటికి ముందు జవాబులు. వేళకి తింటున్నాను. మోకాలి నొప్పి అలాగే ఉంది. సినిమాలో తోడేలు వేషం కట్టిన మాట నిజమే. ఊరంతా నన్ను చూసి నవ్వుతోందా అన్నావు. నవ్వుతోంది, అది నవ్వించే సినిమానే కదమ్మా. మన ఊరి బ్యాండు పోటీకి తీర్పు చెప్పడానికి వచ్చినాయన్ని తోడేలు మింగేస్తుంది. చాలామందికి అది న్యాయమేననిపించింది. ఇక మీ ఇద్దరి పెళ్ళికి గడ్డం తీస్తానా లేదా అన్నది కాసేపాగి చెబుతాను.

సినిమా తీసేది హ్యూగో అని లీడ్స్ నుంచి వచ్చినవాడు. మాటలు కోటలు దాటుతాయి గాని చేతిలో చిల్లిగవ్వ లేదు. రక్తమంటే ఊరబెట్టిన బీట్‌రూట్ నీళ్ళు. తోడేలు కాళ్ళు వాల్టర్ వాళ్ళ పాత తివాచీ. నడిమధ్యాహ్నం కెమెరాకి నీలం అద్దం తగిలించి పున్నమి రాత్రి అంటాడు. పబ్బులో నన్ను చూసి, "పెద్దాయనా, మీ గడ్డం ఒక్కటి ఉంటే సగం తోడేలు తయారైనట్టే!" అన్నాడు. సరదాగా ఒప్పుకున్నాను.

మనిషి తోడేలుగా మారే ఘట్టం మొన్న మంగళవారం తీశారు. జుట్టు కొంచెం కొంచెంగా అతికిస్తూ పోతారనుకున్నాను. తీరా చూస్తే వాళ్ళ పద్ధతి తిరగేసి ఉంది. ముందే మొహం నిండా జుట్టు అతికించి, కాస్త కత్తిరించి కాస్త కెమెరాతో తీసి, మళ్ళీ కత్తిరించి మళ్ళీ తీసి, చివరికి రీలు వెనక్కి తిప్పుతారట. అప్పుడు తెర మీద నున్నటి మొహం నిండా జుట్టు మొలుచుకొస్తుంది. అంటే అన్నిటికన్నా ఆఖర్న తీసేది నా నున్నటి మొహం. ఈ సంగతి నాకు కుర్చీలో కూర్చున్నాక తెలిసింది.

పక్క ఊళ్ళో క్షౌరశాల నడిపే డాట్ కత్తెర పట్టింది. "కదలకు విల్ఫ్, నువ్వు మెడ తిప్పితే తెర మీద తోడేలు గెంతుతుంది" అని కసురుతూ కత్తిరించింది. మధ్యాహ్నానికి అతికించిన జుట్టంతా పోయి నా సొంత గడ్డం మిగిలింది.

హ్యూగో మంచివాడే. నా మొహం చూసి ఏమనుకున్నాడో, "మీకిష్టం లేకపోతే ఇక్కడితో ఆపేద్దామండీ. గడ్డపాయన తోడేలయ్యాడని చూపిస్తాం, ఎవరడుగుతారు?" అన్నాడు.

"ఎవరూ అడగరులే," అంది డాట్, "గడ్డపాయన ఇంకాస్త గడ్డపాయన అయ్యాడంటారు, అంతే."

ఇప్పుడు నీకో నిజం చెప్పాలి. ఈస్టర్‌కి నువ్వొచ్చి గడ్డం తీయమంటే చలికి పెంచానని నీ మీద అరిచాను. చలికి కాదమ్మా. మీ అమ్మ పోయినప్పటి నుంచి నాకు ఎక్కడ పడితే అక్కడ కళ్ళనీళ్ళొస్తున్నాయి. కొట్లో, గొర్రెల దగ్గర, బ్యాండు వాయిస్తుండగా కూడా. గడ్డముంటే అందులో ఇంకిపోతాయి. విల్ఫ్ గట్టివాడని అందరూ అంటుంటే ఆ మాటే బాగుండేది. నీ చేయి పట్టుకుని చర్చిలో అందరి మధ్యా నున్నటి మొహంతో నడవాలంటే భయమేసింది. పెళ్ళి ఫొటోల్లో నాన్న మొహం కనపడాలని కూతురు అడిగితే కాదన్నవాణ్ణి, తివాచీ కాళ్ళ తోడేలు కోసం కుర్చీలో కూర్చున్నాను. సిగ్గేసింది. ఈ గడ్డం తీస్తే నీకోసమే తీయాలనుకుని, "కానియ్" అన్నాను.

డాట్ నున్నగా గీసి వేడి తువ్వాలుతో తుడిచింది. హ్యూగో కెమెరా వైపు చూడమన్నాడు, ఏమీ చేయొద్దన్నాడు. నేనేమీ చేయలేదు, కన్నీళ్ళు వాటంతటవే కారిపోయాయి. హ్యూగో తల పట్టుకున్నాడు. మళ్ళీ తీద్దామంటే నా కన్నీళ్ళు ఆగితేగా?

ఆదివారం మధ్యాహ్నం చర్చి హాల్లో అప్పటిదాకా తీసిందంతా, ఆ ముక్కతో సహా, ఊరందరికీ వేసి చూపించాడు. తెర మీద నా చెంపల మీది నీళ్ళు పైకి పాకి కళ్ళలోకి దూరిపోయాయి. ఆ తర్వాత జుట్టు మొలిచింది, పూర్తిగా తోడేలునైపోయాను. అంతదాకా పొట్టలు పట్టుకుని నవ్వినవాళ్ళలో ఒక్కరూ నవ్వలేదు.

వాల్టర్ నా చెవిలో, "ఒరే విల్ఫూ, నీళ్ళు పైకెలా ఎక్కించార్రా?" అన్నాడు.

"నటనరా" అన్నాను. వాడు నా నున్నటి మొహం చూసి, తన టీ కప్పు నా చేతిలో పెట్టాడు.

పెళ్ళికి గడ్డం లేకుండానే వస్తాను తల్లీ. రోజూ పొద్దున్నే గీసుకుంటున్నాను, అలవాటు తప్పి గాట్లు పెట్టుకుంటున్నాను కూడా. పెళ్ళికూతురి తండ్రి చర్చిలో ఏడుస్తాడని ఇయాన్ వాళ్ళమ్మకి ముందే చెప్పి ఉంచు. ఈసారి కన్నీళ్ళు కిందికే కారతాయి. అందరూ చూస్తారు. చూడనీ.

ఇట్లు,
నీ పెళ్ళి కోసం ఎదురుచూసే
మీ నాన్న
విల్ఫ్రెడ్