గురువారం దాకా ఆగని దవడ

జిల్లా ఆరోగ్యాధికారి వారి సముఖమునకు,

అయ్యా,

విషయం: పంటి రోగులను గురువారం నాడు మాత్రమే చూచెదమను నియమమును సడలించుట గురించి.

సరస్సు ఒడ్డున చిపోలా రేవులో పడవ నడుపుకొను బిజ్విక్ మ్క్వాండా అను నేను, తమ ఆసుపత్రి వరండాలో, ఆపరేషన్ గది తలుపు ఎదుట నిలబడి వ్రాసుకొను మనవి. కూర్చోబుద్ధి కావడం లేదు. అక్షరములు వంకరపోయినచో మన్నించగలరు.

1. నా భార్య ఎనెలెసి రేవులో వేయించిన చేపలు అమ్మును. ఆమెకు ఎడమవైపు కింది పన్ను సలుపుచుండగా మా ఊరి క్లినిక్కునకు పోయితిమి. కిటికీలోని ఉద్యోగిని నోరైనా తెరిపించక నొప్పి మాత్రలిచ్చి, "పళ్ల డాక్టరు గురువారం వస్తాడు, అప్పుడు రండి" అని సెలవిచ్చినది.

2. సోమవారం ఉదయమునకు గడ్డం కింద రెండు వైపులా వాచినది. నాలుక పైకి లేచినది. ఉమ్మి మింగలేక గుడ్డతో తుడుచుకొనుచుండెను. మాట ముద్దముద్దగా వచ్చుచుండెను. పడుకోబెట్టినచో ఊపిరందక లేచి కూర్చొనెను. మరల క్లినిక్కునకు పరుగెత్తితిమి.

"పంటి నొప్పితో ఎవరైనా చస్తారా అన్నా? ఇంకా సోమవారమే కదా!" అని కిటికీ మూసినది.

మా వదిన వేడి బూడిద మూట కట్టమన్నది. పక్కింటాయన పంట్లో బ్యాటరీ నీళ్లు ఒక చుక్క వెయ్యమన్నాడు. ఎనెలెసి ఇద్దర్నీ తోసేసి రోడ్డు వైపు నడిచింది. అయ్యా, చేపల లారీలో నిటారుగా కూర్చోబెట్టి తమ ఆసుపత్రికి తెచ్చాను. దారి పొడుగునా నా చెయ్యి రక్కుతూనే ఉంది.

3. తమ గేటు కావలివాడు "పన్నా? అదుగో, వరస చివరికి పో" అని చూపించెను. నేను అరుస్తున్నా ఎవరూ వినలేదు. ఎనెలెసికి మాట పెగలడం లేదు. వరసలో అందరికన్నా ముందున్న ముసలమ్మ చేతిని ఆమే లాక్కుని తన గడ్డం కింద పెట్టుకుంది. ఆవిడ ఉలిక్కిపడింది.

"ఓరి నాయనో, చెక్కలా బిగిసిపోయిందిరా! పిల్లకి ఊపిరాడ్డం లేదు, తప్పుకోండి!"

వరసంతా కలిసి ఆమెను ఎత్తుకుని లోపలికి చొరబడింది. కావలివాడు కూడా ఒక చెయ్యి వేశాడు. డాక్టరమ్మ చూస్తూనే, "చీము మెడలోకి దిగింది. ఇంకాస్తయితే గొంతు మూసుకుపోయేది" అని తీసుకుపోయింది. తలుపు ఇంకా తెరవలేదు.

4. కావున, మింగలేనివారిని, నోరు తెరవలేనివారిని, దవడ వాపు మెడకో కంటికో పాకినవారిని ఏ వారమని అడగక తక్షణమే జిల్లాకు పంపవలెనని ప్రతి క్లినిక్కునకు ఉత్తరువు దయచేయ ప్రార్థన. ఇంకొకటి కూడా ఉండెను. లోపల ఏదో చప్పుడైతే మరిచిపోయాను.

ఒక దవడ ప్రాణము మీదికి తెచ్చిన ఈ సంగతిని తమరు తీరిక కొరకు చూడక చిత్తగించవలెను.

తమ విధేయుడు,
బిజ్విక్ మ్క్వాండా

తా.క.: ఆమె బతికిందండీ. ఊపిరికి గొంతులో పెట్టిన గొట్టం తీసేశారు. ఈ కాగితం ఇవ్వడానికి ఇవాళ, గురువారం, తమ ఆఫీసుకొస్తే తలుపు తాళం వేసి ఉంది. ఆసుపత్రికి తిరిగి వెళ్లేసరికి ఎనెలెసి మంచం మీద లేదు. మెడకు కట్టుతోనే పంటి రోగుల వరసలో తిరుగుతూ ఒక్కొక్కరినీ "ఏదీ, మింగి చూపించు" అని నిలదీస్తోంది. ఎంత చెప్పినా పడుకోదు. మింగలేనివాడు ఒకడు దొరికాడు, రేవు కూలీ, ముందుకు లాక్కొచ్చింది. గురువారమైనా పళ్ల గదిలో డాక్టరు లేరు. ఉత్తరువు తరవాత చూద్దురుగాని, ముందు ఎవర్నయినా పంపండి.